మల్లి సంతానము

విశాఖ మన్యపు కొండలు మైదానమును తాకు చోట, నర్సీపట్నమునకు సమీపమున గొలుగొండ యను గ్రామము కలదు. పూర్వము ఒక తాలూకాకే ఈ పేరుండెడిది. ఆ తాలూకా కచేరీ మాత్రము నర్సీపట్నమున నుండెడిది. 2022వ సంవత్సరమున జిల్లాలను మరల విభజించినప్పుడు గొలుగొండ మండలము అనకాపల్లి జిల్లాలో చేరినది. అల్లూరి సీతారామరాజు సమాధి గల కృష్ణదేవిపేట ఈ మండలములోనిదే. మన పాఠమునకు ఆ వీరగాథతో సంబంధము లేదు. ఇది గొలుగొండలో ఒక యింట పెరిగిన మూడున్నర కిలోల తెల్లకుక్క కథ.

ఆ కుక్క పేరు మల్లి. ఇంటి యజమాని దానిని విశాఖపట్నమున కొని తెచ్చెను. ఆయన తల్లియు, తొమ్మిదవ తరగతి చదువుచున్న కుమారుడును దానిని ప్రాణప్రదముగా పెంచుచుండిరి. మల్లికి ఏడాది నిండకమునుపే, దొడ్డి తలుపు తెరచియున్న యొక పూట, ప్రక్కవీథిలోని పెద్ద మగకుక్క దానితో జతకట్టినది. ఇంటివారు దానిని కీడుగా తలపలేదు. పిల్లలు పుట్టిన మంచిదే గదా యని సంతోషించిరి.

రెండు నెలలు గడచిన పిదప ఒక రాత్రి మల్లి రొప్పుచు, నేలను గోకుచు, ఇల్లంతయు తిరుగజొచ్చెను. అర్ధరాత్రి మొదలు నొప్పులు పడుచునే యుండెను; పిల్ల మాత్రము రాలేదు. తెల్లవారుజామున బాలుడు దానిని తువాలులో చుట్టి, ఒడిలో నుంచుకొని, తండ్రి మోటారు సైకిలు వెనుక కూర్చుండి నర్సీపట్నమునకు పోయెను. అచ్చటి పశువైద్యుడు పరీక్షించి, కడుపులో నున్నది ఒకటే పిల్ల యనియు, అది మిక్కిలి పెద్దదగుటచే దాని తల తల్లి కటియెముకల నడుమ ఇరుకుకొన్నదనియు చెప్పి, శస్త్రచికిత్సకై విశాఖపట్నమునకు పంపెను. మల్లి బ్రదికినది. పిల్ల బ్రదుకలేదు.

నేను ఆ బాలునికి పాఠములు చెప్పువాడను. మూడవ దినమున వారి యింటికి పోయితిని. మల్లి కడుపునకు కట్టు కట్టుకొని మూల పడియుండెను. దాని ప్రక్కనే మామ్మగారు కూర్చుండియుండిరి. నన్ను చూడగనే ఆమె, "మాస్టారు బాబూ! మన వీథిలోని నల్లకుక్క మొన్న గడ్డివాము క్రింద ఆరు పిల్లలను పెట్టినది. దానికి మంత్రసాని లేదు, డాక్టరు లేడు. తెల్లవారునప్పటికి ఎంగిలాకుల కొరకు వీథిలో తిరుగుచున్నది. పాలును అన్నమును పెట్టి పెంచిన మా మల్లికి ఒక్క పిల్లకే ఇంత గండమేల వచ్చినది?" అని యడిగిరి.

నాకు సమాధానము తోచలేదు. బాలుడు ఆ ప్రశ్ననే పట్టుకొని పలుమారులు పశువైద్యుని యొద్దకు పోయెను. ఆయన విసుగుకొనక చెప్పిన సంగతులును, పిమ్మట మేమిద్దరము చదివి తెలిసికొన్నవియు ఇచ్చట వ్రాయుచున్నాను.

కుక్కలన్నియు తోడేళ్ల సంతతివే. మానవుడు సేద్యము నేర్వకమునుపే, పదునాలుగు వేల యేండ్లకు పూర్వమే, అవి అతనికి తోడైనవి. నాటినుండి ఊళ్లలో తిరుగు కుక్కలను ప్రకృతియే వడబోయుచు వచ్చినది. ఈనలేక చచ్చిన కుక్కకు సంతతి యుండదు. కావున ఆ లోపము దానితోనే అంతరించును. నల్లకుక్క సులభముగా ఈనుట దాని గొప్పతనము కాదు. ఈనలేని కుక్కలు వేలకొలది చచ్చిన పిమ్మట మిగిలిన వంశము దానిది. దాని ఆరు పిల్లలలోనైనను ఏడాది తిరుగునప్పటికి ఎన్ని మిగులునో వీథిని పోవువా రెరుగుదురు. మామ్మగారు చూచినది సుఖప్రసవమును మాత్రమే. దాని వెనుకనున్న మృత్యువు ఆమెకు కనబడలేదు.

మన తెలుగు దేశపుదే మరియొక కుక్క కలదు. కొల్లేటి ప్రాంతపు జోనంగి జాతి బాతుల మందలను కాయుటకు పేరొందినది. పొట్టి వెండ్రుకలతో, నుదుట ముడుతలతో అది మన యెండకు తగినట్లుండును. దానిని వడబోసినది పని. బాతులను తోలజాలని కుక్కను ఎవరును తిండి పెట్టి ఉంచుకొనరు గదా! ఆ పని తగ్గినకొలది నేడు ఆ జాతియు తరిగిపోయినది.

ఇక చిన్నకుక్కల సంగతి వేరు. వానిని వడబోసినది మనుష్యుని కన్ను. మన ఊళ్లలో తెల్లని బొచ్చుకుక్క నెల్ల పమేరియన్ అందురు. నిజమునకు వానిలో పెక్కులు ఇండియన్ స్పిట్జ్ అను జాతివి. పమేరియన్ అను పేరు బాల్టిక్ సముద్రతీరమున, నేటి పోలండు జర్మనీ దేశములలోనున్న పొమరేనియా సీమనుండి వచ్చినది. ఆ సీమకుక్కలు మొదట ఇంత చిన్నవి కావు. పదునైదు కిలోల వరకును తూగెడివి. 1888వ సంవత్సరమున విక్టోరియా రాణి ఇటలీలోని ఫ్లారెన్సు నగరమునకు పోయి, మార్కో అను చిన్న పమేరియన్‌ను తెచ్చుకొనెను. అది అయిదున్నర కిలోలే యుండెను. రాణిగారు మెచ్చినదే లోకము మెచ్చినది. పెంపకపుదారులు చిన్నవానిని ఏరి, వానికి పుట్టినవానిలో మరింత చిన్నవానిని ఏరి, జత కూర్చుచు పోయిరి. నేడు రెండు, మూడు కిలోల కుక్కలే ఆ జాతికి ప్రమాణమైనవి.

ఇది ఎట్లు సాధ్యమైనది? 2007వ సంవత్సరమున శాస్త్రజ్ఞులు కుక్కల యాకారమును గూర్చి ఒక ముఖ్యవిషయమును కనుగొనిరి. దేహపు పెరుగుదలను నడపు ఐ.జి.ఎఫ్.-1 అను జన్యువులోని స్వల్పభేదమే కుక్క చిన్నదగుటకు ప్రధాన కారణములలో నొకటి. 2022లో మరియొక వింత బయటపడినది. ఆ చిన్నతనపు జన్యురూపము యాబది వేల యేండ్లకు పైబడిన ప్రాచీన తోడేలు అవశేషములో సైతము కనబడినది. కావున చిన్నతనమును మనుష్యుడు సృష్టింపలేదు. అడవిలో చెదరియున్నదానిని ఏరి కూడబెట్టినాడు.

అయితే దేహమును చిన్నది చేసినంతమాత్రమున అన్నియు సమముగా చిన్నవి కావు. చిన్నకుక్క కడుపున ఒకటి మొదలు నాలుగు పిల్లల వరకే సాధారణముగా ఉండును. ఒక్కటే యున్నచో అది తల్లి మోయగలిగినదానికంటె పెద్దదిగా పెరుగును. కటిద్వారమో ఇరుకైనది. చదునుముఖపు జాతులలో తల మరింత వెడల్పు. ఇంకను, వీనిలో కొన్నింటికి పసితనపు మాడు పూడదు. కొన్నింటికి నోట పండ్లు ఇరుకుగా మొలచును. పెక్కింటికి మోకాలిచిప్ప గాడి తప్పి ప్రక్కకు జారును. అట్టి కుక్క నడచుచు నడచుచు ఒక్క కాలెత్తి రెండడుగులు గెంతి, మరల మామూలుగా నడచును. చూచువారికది ముద్దుగా నుండును! అది లోప మని తెలియక వారు నవ్వుదురు. ఆ లోపము బిడ్డలకును సంక్రమింపవచ్చును.

మేనరికముల విషయమున పుట్టు బిడ్డలను గూర్చి వైద్యులు చేయు హెచ్చరిక మీరు వినియుందురు. కుక్కలలో ఆ యపాయము మరింత హెచ్చు. పేరుమోసిన యొక మగకుక్కను తెచ్చి, దాని కూతుళ్లతోను, కూతుళ్ల కూతుళ్లతోను జతకట్టించువారు కలరు. తల్లియందును తండ్రియందును చాటుగా నున్న ఒకే లోపము అట్లు రెండువైపులనుండియు వచ్చి పిల్లలో బయటపడును. కావున పిల్లలను పుట్టింప దలచినవాడు కుక్క రూపమును కాదు, దాని వంశమును ఎరుగవలెను. అమ్మువాడు తల్లిని చూపుట కిష్టపడకున్నచో ఆ వాకిలి వెంటనే దిగుట మేలు.

"ఆడకుక్క ఒక్క ఈతయైనను ఈనకున్నచో దానికి జబ్బు చేయునట గదా!" యని మామ్మగారు నమ్మియుండిరి. ఇది మన ఊళ్లలో అందరి నోటను వినబడు మాట. ఇందు నిజము లేదు. ఈనుట వలన ఆరోగ్యము కలుగదు. పిల్లలు వలదనుకొన్నవారు వైద్యునిచే గర్భాశయమును తీయించుట మంచిది. లేనిచో నడివయసు దాటిన కుక్కలకు గర్భాశయమున చీముపట్టి ప్రాణాపాయము కలుగుచుండును.

మల్లి గాయము మానిన పిమ్మట పశువైద్యుడు దానిని నిలువబెట్టి, నడిపించి, రెండు మోకాళ్లను వ్రేళ్లతో నొక్కి చూచెను. కీళ్లు గట్టిగానే యుండెను. గుండె సద్దు బాగుగా నుండెను. "తప్పు దీనిది కాదు, జతది," అని ఆయన చెప్పెను. "పసిదాని కప్పుడే చూలు తగదు. మగది దీనికంటె చిన్నదిగా నుండవలెను. మరల పిల్లలు కావలెనన్నచో రెండు ఎదలను విడిచిపెట్టి రండు. రానక్కరలేదనుకొన్నను నాకు సంతోషమే."

ఆడకుక్క ఏడాదికి ఇంచుమించు రెండుమారులు ఎదకు వచ్చును. వచ్చినప్పుడెల్ల చూలు కట్టించుట డబ్బునకు ఆశపడువారి పని. భారత ప్రభుత్వము 2017వ సంవత్సరమున కుక్కల పెంపకమునకును అమ్మకమునకును నియమములు చేసినది. వాని ప్రకారము పదునెనిమిది నెలలు నిండని కుక్కకు చూలు కట్టింపరాదు. వరుసగా రెండు ఎదలలో కట్టింపరాదు. జీవితకాలమున అయిదుమారులకు మించి ఈనింపరాదు. ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదు. వ్యాపారముగా చేయువారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలియొద్ద నమోదు చేసికొనవలెను. ఈ నియమములు బజారులో బుట్టలు పెట్టుకొని పిల్లల నమ్మువారికి తెలియవా యని మీరడుగవచ్చును. కొందరికి తెలియవు, కొందరికి తెలిసియు పట్టదు.

మల్లికి మూడవ యేడు నడుచుచుండగా, దసరా సెలవులకు ముందు, సెప్టెంబరు 26వ తేదీన, అనకాపల్లిలోని యొక యింటినుండి దానికంటె చిన్నదైన మగకుక్కను తెచ్చిరి. దానికిని పరీక్షలు చేయించిరి. ఆనాడే బాలుడు ఒక నోటుపుస్తకము తెరచి మొదటి పుటలో ఆ తేదీని వ్రాసెను. కుక్క చూలు 63 దినములు. జతకట్టిన దినమునుండి లెక్కించినచో కొన్ని దినములు ఇటునటు కావచ్చును. కావున నవంబరు 28కి చుట్టు గీత గీసికొనెను.

ఏబదియైదు దినములు దాటినతరువాత ఎక్సురే తీసినచో పిల్లల యెముకలు స్పష్టముగా కనబడును. మల్లి కడుపున మూడు వెన్నెముకలు, మూడు తలలు కనబడెను. ఈ లెక్క మిక్కిలి ముఖ్యమైనది. ఎన్ని యున్నవో తెలియనివానికి, ఈనుట ముగిసినదో, ఒకటి లోపల చిక్కుకొన్నదో తెలియదు.

పిమ్మట బాలుడు దినమునకు మూడుమారులు థర్మామీటరుతో మల్లి వేడిని చూచి వ్రాయుచుండెను. మామూలుగా అది ముప్పదియెనిమిదిన్నర డిగ్రీలుండెను. 27వ తేదీ సాయంకాలము 37కు దిగెను. ప్రసవము ఒక దినములోపల కాగలదనుటకు ఇది గుర్తు. తండ్రి వెంటనే పశువైద్యునికి ఫోను చేసి, రాత్రి అవసరమైనచో రావచ్చునా యని అడిగి యుంచుకొనెను. కొండలనుండి, లంబసింగి వైపునుండి దిగు చలిగాలి అప్పటికే గొలుగొండను తాకుచుండెను. కిటికీ మూసి, అట్టపెట్టెలో పాతచీరలు పరచి, పైన బల్బు వ్రేలాడదీసిరి.

వైద్యుడు మూడు సంగతులు వ్రాసి యిచ్చియుండెను. గట్టినొప్పులు అరగంటసేపు వచ్చినను పిల్ల రాకున్నచో బయలుదేరవలెను. ఒక పిల్లకును మరియొక పిల్లకును నడుమ రెండు గంటలు మించినచో బయలుదేరవలెను. పిల్ల పుట్టకమునుపే పచ్చని ద్రవము కనబడినచో క్షణమైనను ఆగరాదు. మాయ విడివడిన దనుటకు అది గుర్తు. మొదటిమారు మల్లి అర్ధరాత్రినుండి తెల్లవారువరకు నొప్పులు పడిన సంగతి మీకు జ్ఞాపకముండును. ఈ కాగితమే ఆనాడున్నచో, ఆ పిల్ల బ్రదికెడిదేమో!

ఈమారు ఆ కాగితముతో పని పడలేదు. 28వ తేదీ ఉదయము నాలుగు గంటలకు మొదటి పిల్లయు, ఆరున్నర లోపల తక్కిన రెండును పుట్టెను. మల్లి మూడింటిని నాకి శుభ్రపరచెను. కిరాణాకొట్టునుండి తెచ్చిన త్రాసులో వానిని తూచిరి: 121, 112, 86 గ్రాములు. గేదె యీనినప్పటి జున్నుపాలవలెనే కుక్కకును మొదటిపాలు కలవు. రోగనిరోధకశక్తిలో అధికభాగము దానిలోనిదే. మూడవ పిల్లకు చప్పరించు సత్తువ లేదు. బాలుడు గంట కొకమారు దానిని పట్టి పాలు గుడిపించుచుండెను. ఆ రాత్రి అది చల్లబడి వణకజొచ్చినప్పుడు, ముందుగా ఛాతీకానించుకొని వెచ్చచేసి, పిదప గ్లూకోజు నీటిని చిగుళ్లకు రాచెను. చిన్నజాతి పిల్లల దేహమున చక్కెర నిలువ చాల తక్కువ. ఒకటి రెండు పూటల ఆకలికే అవి చచ్చును. చల్లబడిన పిల్లకు పాలు త్రాగించరాదు, అది అరుగదు. ముందు వేడి, పిమ్మట ఆహారము.

దినదినమును బరువు వ్రాయుచు వచ్చిరి. పదియవ దినమునకు పెద్దవి రెండును రెట్టింపైనవి. కన్నులు తెరచినవి. అందరును గండము గడచినదనుకొనిరి.

డిసెంబరు 18వ తేదీన, పిల్లల యిరువదవ దినమున, మల్లి పాలిచ్చుచు పాలిచ్చుచు లేచి, గోడ ప్రక్కకు పోయి రొప్పజొచ్చెను. కాళ్లు కొయ్యలవలె బిగిసెను. ముఖము వణకెను. నర్సీపట్నము చేరునప్పటికి ఒడలంతయు కొట్టుకొనుచుండెను. వైద్యుడు చూచినంతనే సున్నము తగ్గినదని గ్రహించి, కాల్షియమును రక్తనాళమున మెల్లమెల్లగా, గుండె సద్దు వినుచు ఎక్కించెను. అరగంటలో మల్లి లేచి నిలువబడి, ఏమియు జరుగనట్లు తోక యూపెను.

"దీనికి చూలుకాలమున కాల్షియం బిళ్లలు ఎవరైనను పెట్టిరా?" యని ఆయన అడిగెను. బాలుడు లేదనెను. పెట్టరాదని అతడు తన పుస్తకములో వ్రాసికొనియే యుండెను. ఇంటికి వచ్చి ఆ మాట చెప్పగా మామ్మగారి ముఖము వాడిపోయెను.

"నేనే పెట్టితిని, నాయనా! నా మోకాళ్లకు డాక్టరు వ్రాసిన బిళ్లలు. చూలుదానికి బలమని దినమున కొకటి చొప్పున అన్నములో కలిపితిని. నీకు చెప్పిన వలదందువని చెప్పలేదు."

ఎవరైనను అట్లే తలతురు. పాలకు సున్నము కావలెను గనుక ముందే పెట్టిన మంచిదే గదా! కాని దేహపు లెక్క వేరు. కంఠమున పారాథైరాయిడ్ అను చిన్న గ్రంథులు కలవు. రక్తమున సున్నము తగ్గినప్పుడు ఎముకలనుండి దానిని తీసి యిచ్చుట వాని పని. దినమును పైనుండియే కావలసినంత వచ్చుచున్నచో ఆ గ్రంథులు పని మానుకొనును. అన్నియు చేతికందించు యింట పెరిగిన పిల్లవానివలె సోమరులగును. ఈనిన రెండు మూడు వారములకు పాలు ముమ్మరమై సున్నము ఒక్కపెట్టున కావలసివచ్చినప్పుడు అవి వెంటనే మేల్కొనలేవు. చిన్న తల్లి, గట్టిగా కుడుచు పిల్లలు. ఇట్టిచోటనే ఈ వాయువు హెచ్చు. సున్నము ఈయవలసినది పాలిచ్చుకాలమున, అదియు వైద్యుడు చెప్పినంత.

బాలుడు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "మామ్మా, పిల్లలకు సీసాతో పాలు పట్టవలెను. నీవు చిన్నదానిని పట్టుకొందువా?" అని మాత్రమే అనెను. ఆవుపాలలో మాంసకృత్తులును క్రొవ్వును కుక్కపాలలో సగమైనను ఉండవు గనుక, కుక్కపిల్లల కొరకై చేసిన పాలపొడిని వైద్యుడు ఇచ్చియుండెను. ఆ రాత్రి ఆ యిద్దరును నిద్రపోలేదు.

సంక్రాంతికి రెండు దినముల ముందు పట్నమునుండి ఒకాయన కారులో వచ్చి, పెద్దపిల్లను పండుగకు తన మనుమరాలికి బహుమతిగా తీసికొనిపోదునని, అడిగినంత సొమ్మిచ్చెదననెను. పండుగనాటికి దానికి 47 దినములు. బాలుడు 23వ తేదీ వరకు ఆగవలెననెను. మూడవ వారము మొదలుకొని కుక్కపిల్ల తల్లియొద్దను, తోడిపిల్లలయొద్దను ఎంత గట్టిగా కరువవచ్చునో, ఎప్పుడు విడువవలెనో నేర్చుకొనుచుండును. ముందుగా విడదీసినదానికి ఆ చదువు కొరతపడును, టీకాలును పూర్తికావు. ఆయన కోపించి వెడలిపోయెను. ఇట్టి తొందరయే పెంపకపుదారులను చెరచునది. 2003వ సంవత్సరమున ఒక టెలిఫోను కంపెనీ ప్రకటనలో పగ్ జాతి కుక్క బాలుని వెంట నడచుట చూచి దేశమంతటను జనులు అట్టి కుక్కకై ఎగబడిరి. చదునుముక్కుతో ఊపిరియాడక, మన వేసవికి తాళలేక అవి పడు బాధ ఆ ప్రకటనలో లేదు.

జనవరి 23న ఇరువురు వచ్చి పెద్దపిల్లలను తీసికొనిపోయిరి. టీకాల కాగితమును, తిండి పట్టికను, పెంపలేనిచో తిరిగి తెచ్చి యీయవలెనను మాటను బాలుడు వారితో పంపెను. ఒకరి సొమ్ము శస్త్రచికిత్స ఖర్చునకును, మరియొకరిది మందులకును సరిపోయినది. మల్లికి ఇక పిల్లలు వలదని వైద్యుడు చెప్పినాడు. పాలు ఇంకిన పిమ్మట గర్భాశయము తీయించిరి.

ఆ నోటుపుస్తకము ఒకనాడు బాలుడు నాకు చూపెను. చివరి పుటలో ఇట్లున్నది: "జనవరి 23. చిన్నది, 640 గ్రాములు. ఎడమ మోకాలిచిప్ప జారుచున్నదని డాక్టరు గారు చెప్పిరి. దీనికి చూలు కట్టింపరాదు. కొనువారు వచ్చిరి కాని మామ్మ ఇచ్చుటకు ఒప్పుకొనలేదు."